కచేరిలో చెప్పిన మాట

"మేడం, షక్కీ అవ్వ పోయింది. ఇయ్యాల పొద్దుగాల. నిద్రలనే పోయిందంటున్రు" అని జహీరాబాద్ నుంచి పాత కచేరి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "అంటున్రు మరి" అని చేర్చాడు.

ఆ చివరి మాట విని ఉంటే ఆమె మెచ్చుకునేది. షక్ అంటే అనుమానం. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, అది తన చెవిన పడ్డప్పుడు ఆమె కోపగించుకోలేదట. "షక్కు లేనోడు గొర్రె. ఎవడు తోలితే వాని ఎంబడి పోతడు" అందట. అసలు పేరు నాకు తెలుసు. రాయను. నేను జేబులోంచి పెన్ను తీస్తేనే "ఏం రాస్తున్నవు? నా పేరు రాస్తలేవు కద?" అని మెడ సాచి చూసేది.

ఝరాసంగం వైపు ఒక పల్లెలో వాళ్లకు పొలాలు ఉన్నాయి. అల్లం, చెరకు, కంది. కొడుకులు చూసుకుంటారు. ఈమె మాత్రం వారం వారం షేర్ ఆటో ఎక్కి జహీరాబాద్ వచ్చేది. సన్నటి మనిషి. తల మీది కొంగు ఎప్పుడూ జారదు. చూపు మందగించింది, కాని ఆ సంగతి ఒప్పుకోదు. ఎక్కడికి వెళ్లినా ఎడమకాలి చెప్పు ఒక గడప దగ్గరా కుడికాలి చెప్పు ఇంకో గడప దగ్గరా విడిచేది. "ఒక్క చెప్పు ఎవడెత్కపోతడు?" అన్నది ఆమె లెక్క. ఫోన్ మోగితే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊరుకునేది. అవతలివాళ్లు హలో హలో అని అరిచినా పలికేది కాదు. ఎందుకమ్మా అంటే, "ముందుగాల మాట్లాడినోడు దొరికిపోతడు బిడ్డా" అనేది. హోటల్లో తన ముందు పెట్టిన చాయ్ ముట్టదు. పక్కవాళ్ల గ్లాసు తీసుకుని తన గ్లాసు వాళ్ల ముందుకు జరిపేది. చాలాసార్లు ఆ పక్కమనిషిని నేనే.

అన్నిటికన్నా చిత్రం ఆమె అడిగే ప్రశ్న. "నీదేవూరు?" అని అడిగేది. చెప్తే తల ఊపేది. వారం తిరిగాక, ఏమీ ఎరగనట్టు మళ్లీ అడిగేది, "నీదేవూరన్నవు?" జవాబు మారిందా లేదా అని పరీక్ష. నా విషయంలో ఆ పరీక్ష గట్టిదే. మా నాన్న కోస్తా నుంచి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. నేను పుట్టింది కోస్తాలోనే, పెరిగిందీ చదివిందీ జహీరాబాద్‌లో. ఒకసారి ఒక ఊరూ మరోసారి ఇంకో ఊరూ చెప్పేసరికి, "నువ్వు రెండు నాలికల మనిషివి" అని తేల్చేసింది.

ఆమెతో పరిచయం కలిగించింది పాత కచేరి. నిజాం కాలంలో తహసీల్దారు ఆఫీసుగా నడిచిన కట్టడం. ఆఫీసు కొత్త భవనానికి మారాక తాళం పడి ఉండేది. పునాది నల్లరాయి, గోడలు ఎర్రరాయి. మా నేలలోంచి దిమ్మెలుగా కోసి తీసే ఆ రాయి నిండా తేనెపట్టులా రంధ్రాలు ఉంటాయి. పైన సున్నపు పూత. ముందు కమానుల వరండా, కింద షాబాద్ బండలు, ఒక చివర ఇనుప ఊచల ఖజానా గది, ఇంకో చివర హవాలాతు, అంటే పట్టుకొచ్చినవాళ్లను ఉంచే గది. మధ్యలో విచారణ జరిగే పెద్ద హాలు. దాని కప్పు పైన డాబాయే గాని, లోపల మాత్రం చదునుగా ఉండదు, బోర్లించిన బేసినులా గుండ్రంగా వంగి ఉంటుంది. ఎవరు కట్టించారు అంటే ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. ఒక నవాబు వేట బంగళా అనేవారు కొందరు, ధాన్యం కొట్టు అనేవారు కొందరు. వాకిలి మీద సున్నంలో సగం పూడిన ఉర్దూ అక్షరాలను ముగ్గురు పెద్దమనుషుల చేత చదివిస్తే ముగ్గురూ మూడు అర్థాలు చెప్పారు.

నేను అప్పుడే ఒక ప్రభుత్వ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా మా ఊరికే వచ్చాను. కట్టడం శిథిలమైందని తేలితే కూల్చి, హైవేకు దగ్గరగా ఉన్న ఆ స్థలంలో దుకాణాల సముదాయం కట్టాలని ఒక ఆలోచన నడుస్తోంది. పరిస్థితి చూసి రిపోర్టు ఇమ్మని నాకు చెప్పారు. చెప్పిన తీరులోనే నాకు అనుమానం వచ్చింది. "పాతదే కదమ్మా, ఏముంది చూడ్డానికి" అన్నాడు మా పైఅధికారి. అప్పుడే ఆయన గదిలో ఒక కాంట్రాక్టర్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నా వయసుకు అంత పెద్ద నమస్కారం ఎవరూ పెట్టరు.

హాలు వెనక గోడలో పగులు కనబడింది. అది పాత పగులా, ఇంకా పెరుగుతోందా తెలుసుకోవడానికి మాకు ఒక పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను సిమెంటుతో అతికిస్తాం. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుంది. అలా అతికించి వచ్చాను. తర్వాతి వారం వెళ్తే గాజు విరిగి ఉంది. ఆ వారమంతా వాన చుక్క లేదు, గోడ దానంతట అది కదిలే కారణం కనబడలేదు.

"మేడం, ఒక మాట చెప్త, నా పేరు ఎక్కడ రానియ్యకున్రి" అన్నాడు వాచ్‌మన్. "ఈడికి ఒక ముసలామె వస్తది. కొడుకులు పెద్ద రైతులని ఎవరు ఆపరు. హాలుల ఆ మూలకు పోయి గోడకు మొఖం పెట్టి నిలవడ్తది. పెదవులు కదుల్తయి. మంత్రమో ఏమో. ఖజానా గది ఉన్నది గద, నిధి ఉన్నదని మందంత అనుకుంటున్రు. జర నిగా పెట్టున్రి."

నిగా పెట్టాను. ఆమె వచ్చిన రోజు వరండా కమాను పక్కన నిలబడి చూశాను. వాచ్‌మన్ చెప్పినట్టే తూర్పు మూలకు వెళ్లి, గోడకు జానెడు దూరంలో ముఖం పెట్టి ఏదో అంది. కాసేపు ఆగి మళ్లీ అంది. తర్వాత కొంగు చాటు నుంచి చిన్న కొడవలి తీసింది. నేను గబగబా లోపలికి వెళ్లాను.

"ఏం చేస్తున్నారమ్మా?"

ఆమె ఉలిక్కిపడలేదు. కొడవలి మొనతో పగుల్లో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా పెకిలించి నా కాళ్ల దగ్గర పడేసింది.

"గోడను తింటది ఇది. నువ్వెవరు? గాజుపెంకు అతికిచ్చి పోయింది నువ్వేనా?"

"నేనే. అది ఎవరు విరగ్గొట్టారు?"

"నేనైతే కాదు. నువ్వే ఇరగ్గొట్టి నా మీద పెడ్తున్నవేమో. నీదేవూరు?"

మా పరిచయం అలా మొదలైంది. నేను ఆమెను నమ్మలేదు. ఆమె నన్ను అసలే నమ్మలేదు. అయినా నేను అక్కడ ఉన్న రోజు తెలుసుకుని వచ్చేది. మెట్ల మీద కూర్చుని నేను కొలతలు తీస్తుంటే చూసేది. "మంచిగ మాట్లాడేటోని మొఖం చూడొద్దు, చేతులు చూడాలె" అనేది. నా చేతులు కూడా చూస్తుండేది. ఒక రోజు ఇంటి నుంచి జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తెచ్చింది. రొట్టెను రెండుగా తుంచి నాకు ఒక సగం ఇచ్చింది. నేను కొరికాకే తన సగం కొరికింది. తన ఇంట్లో తాను చేసుకున్న రొట్టె అది!

మళ్లీ గాజు అతికించాను. ఈసారి వానలు మొదలయ్యాయి. గాజు విరగడమే కాదు, గోడ కింది భాగం చెమ్మతో ముదురు రంగు తేలింది. ఎర్రరాయి నీళ్లు తాగితే మెత్తబడుతుంది. ఇలాగే పోతే వానలు అయిపోయేలోపు నేను రిపోర్టు రాయనక్కర్లేకుండానే గోడ పడిపోతుంది.

ఆమె వచ్చి నా పక్కన నిలబడి, పెదవులు కదలకుండా చెప్పింది.

"మొన్న ఇద్దరు వచ్చిన్రు. ఆ మూలకు నిలవడి మాట్లాడుకున్నరు. నేను ఈ మూలకున్న. 'మీద తూము మూసినం, నీళ్లు గోడలకే దిగుతయి, ఇగ ఒక్క గట్టి వాన చాలు' అన్నడు ఒకడు."

"ఆ మూలలో మాట్లాడింది ఇక్కడికి వినబడిందా? ఇంత పెద్ద హాల్లో?"

"ఇనవడ్డది."

"ఎవరమ్మా వాళ్లు? కాంట్రాక్టరా?"

"ఇన్న. చూడలే. చూడనిది చెప్ప."

"గొంతును బట్టి..."

"చూడనిది చెప్పనన్న గద!" అని కసిరింది. ఆ కోపం నాకు అర్థం కాలేదు. లోకంలో అందరినీ అనుమానించే మనిషి, తన చెవులతో విన్నాక కూడా ఒక్క పేరు నోటి నుంచి రానివ్వదు.

నిజం చెప్పాలంటే, ఆమె ఇదంతా అల్లి చెప్తోందేమో అనుకున్నాను. అయినా మెట్ల తాళం తీయించి డాబా ఎక్కాను. వెనకవైపు వాననీళ్లు దిగే తూములో గోనెసంచులు కుక్కి, పైన సిమెంటు రుద్ది ఉంది. సిమెంటు కొత్తది. చెరువులా నిలిచిన నీళ్లు గోడ నెత్తిన ఇంకుతున్నాయి. ఫోటోలు తీసి, సిమెంటు పెళ్లగించి, నేనే చేతులతో గోనెలు లాగాను. నీళ్లు బుసకొట్టి దూకాయి.

డాబాకు వెళ్లే మెట్ల తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. నేను అతని వైపు చూశాను.

"నా మీద షక్ పడుతున్నరా మేడం? దొంగ తాళాలు ఎన్ని లెవ్వు లోకంల!" అన్నాడు. అతని చేతులు చూశాను. వెనక పెట్టుకుని ఉన్నాడు.

ఎవరు మూశారో ఇప్పటికీ తెలియదు. తూము ఫోటోలు జతచేసి, గోడకు లోపం లేదు, నీళ్లు దారి తప్పాయి, సున్నంతో మరమ్మతు చేస్తే నిలుస్తుంది అని రిపోర్టు ఇచ్చాను. పైఅధికారి చదివి, ఫోటోలు మాత్రం చాలాసేపు చూసి, "ఇవి నువ్వే తీశావా?" అని అడిగాడు. కూల్చే ఆలోచన కొన్నాళ్లు మూలనపడింది. తర్వాత మరమ్మతుకు అనుమతి వచ్చింది. నాకు బదిలీ కూడా వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

మరమ్మతు జరుగుతున్న రోజుల్లోనే ఒకసారి ఆమెను అడిగాను, అంత దూరం మాట ఎలా వినబడిందని. కప్పు వంపు వల్ల శబ్దం ఒక మూల నుంచి ఎదుటి మూలకు జారిపోతుందని నేను పుస్తకాల్లో చదివాను గాని చెవులతో ఎరగను. ఆమె నన్ను పడమటి మూలకు పంపింది. తాను తూర్పు మూలకు వెళ్లి గోడ వైపు తిరిగింది. మధ్యలో సున్నం కలిపేవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా చెవి పక్కనే నిలబడి అన్నట్టుగా వినబడింది.

"నేను చూడలే. నేనేం చూడలే."

వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఎక్కడో దూరాన, నాకు వీపు పెట్టి ఉంది. హాలు దాటి వెళ్లి, "ఏం చూడలేదమ్మా?" అని అడిగాను.

వరండాలోకి వచ్చి, చుట్టూ చూసి, చెప్పింది.

ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడాది వాళ్ల గడ్డివాము కాలిపోయింది. రాయికోడ్ వైపు నుంచి వచ్చిన జీతగాడు ఒకడు వాళ్లింట్లో పనిచేసేవాడు. అంతకు ముందే మామకు వాడితో మాటామాటా వచ్చింది. వాడే అంటుపెట్టాడని మామ అన్నాడు. చూసినవాళ్లు కావాలి కదా. అంటుపెడుతుండగా చూశానని కోడలు చెప్తే తహసీల్దారు నమ్ముతాడని ఇంట్లో పెద్దలు అనుకున్నారు.

"ఆ తూర్పు మూలకు నిలవెట్టిన్రు నన్ను. మొఖం మీద కొంగు. గొంతు లెవ్వలే. చీమకన్న మెల్లగ 'చూసిన' అన్న. ఎదురు మూలకు వాడు నిలవడ్డడు, పక్కన పోలీసు. ఎవరికి ఇనవడకున్నా వానికి ఇనవడ్డది బిడ్డా. వాని చెవులనే చెప్పినట్టు ఇనవడ్డది. తల ఎత్తి నన్ను చూసిండు. తహసీల్దారు 'జోర్‌సే బోలో' అన్నడు. మళ్ల చెప్పిన, జర గట్టిగ. ఇంత చిన్నపోరి అబద్ధమెందుకు ఆడ్తది అని అందరు నమ్మిన్రు. వాన్ని జైలుకు పంపిన్రు."

తల మీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"గంత మంది పెద్దమనుషులు. ఒక్కడన్న షక్కు పడలే. ఒక్కడు పడినా మంచిగుండు. గప్పటి సంది నేను ఎవరి మాటా నమ్మ. నా మాటనే గంత అల్కగ నమ్మిన్రు గద."

వారం వారం ఆ మూలకు వచ్చి, అప్పుడు చెప్పవలసిన మాట చెప్తోంది. ఆ హాలు కూలిపోతే చెప్పుకునే చోటు ఉండదని ఆమె భయం. ఆ జీతగాడు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు రాయికోడ్ దగ్గరే ఉన్నాడని ఆరా తీసి పెట్టుకుంది గాని వెళ్లే ధైర్యం చాలలేదు. నా బదిలీకి ముందు ఒక ఆదివారం ఆమెను కారులో తీసుకెళ్లాను.

పత్తి చేను పక్కన ఇల్లు. కొడుక్కి అరవై దాటి ఉంటాయి. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఆయన కూర్చోమనలేదు. ఇంట్లోంచి భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన భార్య వైపు ఒక చూపు చూశాడు. ఆమె చెంబుతోనే లోపలికి వెళ్లిపోయింది.

"ఇన్నేండ్లకు గిప్పుడెందుకు యాదికొచ్చిందమ్మా? ఎవరు చెప్పమన్నరు? ఈ మేడం ఎవరు, ఆఫీసరా? భూముల సర్వే ఏమన్న వస్తున్నదా?"

"ఎవరు చెప్పమనలే నాయినా. నేనే వచ్చిన. మీ నాయిన అంటుపెట్టంగ నేను చూడలే. అబద్ధం చెప్పిన."

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "మా నాయిన వేరే చెప్పిండు. 'నేనే పెట్టిన' అన్నడు. మీ మామ మా అవ్వను మందిల నోటికొచ్చినట్టు తిట్టిండట. అందుకోసమే పెట్టిన అని చచ్చేదాంక చెప్పిండు. పోన్రి ఇగ."

తిరుగుదారిలో ఆమె కారు తలుపు గడియ గట్టిగా పట్టుకుని కూర్చుంది. హైవే ఎక్కాక, లారీల హోరులో, "వాడు నన్ను తోలియ్యనీకె చెప్పిండు. ముసల్దాని మొఖం చూడలేక" అంది.

"అబద్ధం ఎందుకు చెప్తాడమ్మా?"

"లేకుంటే వాని నాయిన ఆడిండు అబద్ధం. ఏం చెయ్యకుండ జైలుకు పోయిన అంటే పిల్లల ముంగట ఇజ్జతేముంటది? అంటుపెట్టి పోయిన అంటే మొగోడని అంటరు." ఇంకొంత దూరం పోయాక, "నిజంగనే పెట్టిండేమో గూడ. గట్లయినా నేను చూసింది లేదు గద" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నాకు చూపు ఆనదు. నువ్వు వాని మొఖం చూసినవు గద బిడ్డా. నీకేమనిపిచ్చింది?" అని అడిగింది.

తన చూపు సంగతి ఆమె ఒప్పుకోవడం అదే మొదలు. 'నిజమే చెప్పాడు' అంటే ఆ ఒక్క మాటతో ఆమెకు నెమ్మది దొరికేది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. "నాకు తెలియలేదమ్మా" అన్నాను. ఆమె తల తిప్పుకుని అల్లం చేల వైపు చూస్తూ కూర్చుంది.

ఫోన్ వచ్చిన రోజే బయల్దేరి మధ్యాహ్నానికి వాళ్ల ఊరు చేరాను. వాళ్ల ఆచారం ప్రకారం తమ చెలక పొలంలోనే గుంత తవ్వారు. బంధువులు పిడికెడు పిడికెడు మట్టి వేస్తున్నారు. జనానికి దూరంగా, గట్టు మీద, ఒక మనిషి తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. రాయికోడ్ ఆయన. ఎందుకు వచ్చాడో అని నాకు భయం వేసింది. దగ్గరకు వెళ్లాను.

నన్ను గుర్తుపట్టాడు. "మేడం, ఆ నాడు నేను చెప్పింది అవ్వ నమ్మిందా?" అని అడిగాడు.

ఏ జవాబు కావాలని అడుగుతున్నాడో ముఖంలో తెలియలేదు.

"నమ్మలేదు" అన్నాను.

ఆయన గుంత వైపు చూశాడు.

"మా నాయిన చెప్తుంటే నేను గూడ నమ్మలే" అన్నాడు. చెప్పులు విప్పి, గట్టు దిగి, మట్టి వేసేవాళ్ల వరసలో అందరి వెనకా వెళ్లి నిలబడ్డాడు.